నీటికాకికి మేత

మా అక్క స్నేహలత కైకలూరు దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పదకొండేళ్లు పనిచేసింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. పిల్లలకి పక్షుల మీద జాలి నేర్పిన టీచరని అందరూ చెప్పుకుంటున్నారు. నాకు తెలిసి ఆమె మొదట నేర్పింది తప్పే.

అక్కడ చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా నైలాను దారాలు కడతారు. ఒకరోజు మూడో తరగతి హర్షిణి, వాళ్ల నాన్న సుబ్బరాజు గారి చెరువు మీద దారంలో చిక్కుకున్న నీటికాకిని చూసి, దారం కోసి, బడికి ఎత్తుకొచ్చింది. అక్క దాన్ని గంప కింద ఉంచి, పిల్లల చేత చేపల మేత గుళికలు వేయించింది. మేత బస్తాల మధ్య బతికే ఊరు. నీళ్లలో తిరిగేదేదైనా గుళికలు తింటుందనే అందరూ అనుకున్నారు. రెండు రోజులు అది ముట్టనే లేదు. మూడోనాడు మెడ వాల్చేసింది. అక్క ఫోనులో చదివి తెలుసుకుని, పిల్లల ముందే తన తప్పు ఒప్పుకుంది. అది బతికున్న చేపలే తింటుందని, ఇవాళ తినకపోతే రేపటికి ఉండదని చెప్పింది.

హర్షిణి తిన్నగా ఇంటికెళ్లి చేపలడిగింది. సుబ్బరాజు గారు కూతుర్ని వెంటబెట్టుకుని బడికొచ్చారు. అక్కకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"ఏవండీ టీచరుగారూ, నా చేపల్ని తినేదానికి నేనే వడ్డించాలాండీ?"

"ఇవ్వడం, మానడం మీ ఇష్టమండీ," అంది అక్క.

"ఇవ్వకపోతే?"

"చచ్చిపోద్ది నాన్నా," అంది హర్షిణి. "నువ్వు కట్టిన దారమే కదా."

ఆయన గంప ఎత్తి చూశారు. దారం కోసిన సంగతి ఇంటికెళ్లాక తేలుస్తానని కూతురితో అని, బయటికెళ్లి బకెట్లో చిన్న చేపలు పట్టుకొచ్చారు. ముక్కు తెరవబోతే నీటికాకి ఆయన వేలు పొడిచింది.

"చూశారాండీ, ముందు నన్నే తింటోంది," అన్నారు.

వారం పాటు పిల్లలు వంతులవారీగా చేపలు తెచ్చారు. చెరువులు లేని ఇళ్ల పిల్లలు కాలవలో తువ్వాలుతో పట్టారు. ఎనిమిదో రోజు దాన్ని గట్టు మీద వదిలారు. అది ఎగిరి, నేరుగా సుబ్బరాజు గారి చెరువులోనే దిగి మునిగింది.

పిల్లలంతా గట్టు మీదే ఉన్న ఆయన వైపు తిరిగారు. పక్షుల్ని తోలే టపాకాయల సంచీ ఆయన చేతిలోనే ఉంది. హర్షిణి ఆ సంచీనే చూస్తోంది.

"ఈ పూటకి తిననీండి," అన్నారాయన.

ఆయన మనసు మారకముందే అక్క పిల్లల్ని వరసలో నిలబెట్టి బడికి నడిపించుకుపోయింది.