మీరు ఎవరి మనుషులు?

ఆ పెద్దాయన మోకాలి ఆపరేషన్ కోసం మదురై వచ్చారు. గల్ఫ్ తీరంలో, సముద్రానికి కాస్త దూరంగా, కొండల మధ్య ఉన్న చిన్న ఊరు ఆయనది. అక్కడ కిరాణా కొట్టు నడిపే మదురై మనిషి ఒకాయన మా ఆసుపత్రి గురించి చెప్పాడట. వెంట ఆయన కూతురు వచ్చింది. నా వయసే ఉంటుంది, బడిలో టీచరు.

నేను ఆ ఆసుపత్రిలో విదేశీ రోగులకు దుబాసీని. అంతకుముందు పదకొండేళ్లు గల్ఫ్‌లో నర్సుగా పనిచేశాను. వార్డుల్లో విని విని అరబ్బీ వచ్చింది. మాట్లాడగలను, చదవలేను. చిన్నప్పుడు తెలుగు కూడా నాకు అంతే. తిరుమంగళంలో మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, చర్చిలో తమిళం. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది గల్ఫ్‌లో నా గదిలో ఉన్న ఒంగోలు నర్సు.

అక్కడి నుంచి వచ్చే రోగులు మామూలుగా నా పేరు అడుగుతారు, పిల్లలెంతమంది అని అడుగుతారు. ఈయన మొదటి రోజే వేరేగా అడిగారు.

"నీది ఏ తెగ?"

"మేం తెలుగువాళ్లం. చాలా తరాల కిందట ఈ తమిళ దేశానికి వచ్చాం."

"ఎవరి వెంట?"

"ఏదో రాజుగారి సైన్యం వెంట అంటారు. ఆ సైన్యంలో మావాళ్లు ఏ పని చేశారో మాత్రం ఎవరూ చెప్పరు."

"ఇప్పుడు మీరు ఎవరి మనుషులు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. జవాబు కోసం చూస్తూ ఉండిపోయారు. ఇంతలో డాక్టరు వచ్చి నన్ను గట్టెక్కించాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఆ మనిషి మంచం మీద నిలవలేదు. పది అడుగులు వెయ్యమంటే నడిచే స్టాండు పట్టుకుని వరండా ఆ చివరి దాకా వెళ్లి వచ్చేవారు. కూర్చోమంటే కిటికీ దగ్గర నిలబడేవారు. నాలుగో రోజు నన్ను పిలిచి, దిండు కింద నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీశారు. అందులో మూడు కాగితాలు.

"ఇవి ఇంగ్లీషువాళ్ల పాత కాగితాలు. ఇప్పుడు కంప్యూటర్‌లో అందరికీ పెట్టారట. మా అమ్మాయి ప్రింటు తీయించింది. పాతకాలపు ఇంగ్లీషు, తనకు అర్థం కాదంటుంది. నువ్వు చదివి చెప్పాలి."

అలా అని, ముందు సంగతంతా ఆయనే చెప్పారు.

ఆ తీరం పొడుగునా చిన్న చిన్న షేకులు ఉండేవారు. ఒక్కొక్కరికి ఒక రేవు, ఒక కోట. సముద్రం మీద గొడవలు ఉండకూడదని ఇంగ్లీషువాళ్లు వాళ్లందరి చేత ఎప్పుడో ఒప్పందాల మీద సంతకాలు పెట్టించారు. సంతకం పెట్టినవాడిని పాలకుడిగా ఒప్పుకునేవారు. వాళ్ల ఓడ రేవుకు వస్తే ఆ షేకు హోదాను బట్టి ఇన్నిసార్లని ఫిరంగి పేల్చి గౌరవించేవారు. వెనక కొండల్లో ఎవరున్నారో వాళ్లకు పట్టలేదు. తర్వాత చమురు కంపెనీలు వచ్చాయి. తవ్వడానికి ఎవరి అనుమతి తీసుకోవాలి, ఏ కొండ ఎవరిది అన్న ప్రశ్న పుట్టింది. అప్పుడు ఒక ఇంగ్లీషు అధికారిని జీపులో పంపారు. అతను ప్రతి తెగ దగ్గరా చాప మీద కూర్చుని, కాఫీ తాగి, ఒకే రకం ప్రశ్నలు అడిగేవాడు. మీరు ఎవరి మనుషులు? జకాత్ పన్ను ఎవరికి కడతారు? ఎవరు పిలిస్తే యుద్ధానికి వెళతారు? వాళ్లు చెప్పినదాన్ని బట్టి పటం మీద గీత పడేది.

ఈయన తండ్రి ఆ కొండ తెగకు పెద్ద. అధికారి అడిగినప్పుడు, మేము రేవు షేకు మనుషులం అన్నాడు. రెండు రోజుల తర్వాత కింది లోయలో ఆయన తమ్ముణ్ణి అడిగితే, మేము అవతలి షేకు మనుషులం అన్నాడు. గీత అన్నదమ్ముల ఖర్జూరపు తోటల మధ్య నుంచి పోయింది. తర్వాత అది సరిహద్దు అయింది.

"తుపాకి తీసుకుని సగం తెగను అమ్మేశాడని మా బాబాయి పిల్లలు ఈ రోజుకీ మా నాన్నను అంటారు," అన్నారు. "ఆ రోజు నేను మేకలతో కొండ మీద ఉన్నాను. ఆయన ఏమన్నాడో నేను వినలేదు. చనిపోయే దాకా ఆయన చెప్పలేదు. మా బాబాయి కొడుకూ నేనూ ఒకే ఈడు, ఒకే కంచంలో తిన్నాం. ముప్ఫై ఏళ్లయింది మాట్లాడుకుని."

రేపు చదువుతానని కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను. లిఫ్టు దగ్గర కూతురు నిలబడి ఉంది. నా కోసమేనని చూడగానే తెలిసింది.

"నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. మొత్తం చదివాను. మూడో పేజీ వదిలేయండి."

"ఎందుకు?"

"తుపాకి మాట నిజమే. ఆ పేజీలో ఉంది. ఇంత వయసులో ఆయన అది వినకూడదు. రెండో పేజీ దాకా చదివి, చివరికి మా తాత రేవు షేకు పేరు చెప్పాడని చెప్పండి చాలు. అది అబద్ధం కాదు కదా."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను సరేనన్నాను. అలా అనేశాను. దుబాసీ పనిలో చేరేటప్పుడు, ఒక మాట కలపను, ఒక మాట తగ్గించను అని రాసి సంతకం పెట్టినదాన్ని.

మర్నాడు ఉదయం చదివాను. మొదటి పేజీలో ఊరికి వెళ్లే దారి, ఇళ్లు, ఖర్జూరపు చెట్లు, నీళ్ల సంగతి. రెండో పేజీలో ఇద్దరు షేకులూ ఆ తెగ నాదంటే నాదని రాసిన ఉత్తరాల గురించి. ఎవరికీ కోపం రాకుండా తేల్చమని అధికారికి పైవాళ్ల ఆదేశం. పెద్దాయన ప్రతి చెట్టు పేరుకూ తల ఊపుతున్నారు. తర్వాత నేను కాగితం మడిచి, "అప్పుడు మీ నాన్నగారు, మేము రేవు షేకు మనుషులం అని చెప్పారు," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"తుపాకి?"

"దాని మాట లేదు."

ఆయన మొహం తేటపడుతుందని ఎదురుచూశాను. అది జరగలేదు. స్టాండు కడ్డీని వేళ్లతో రుద్దుతూ, నాతో కాదన్నట్టు అన్నారు: "అయితే ఒక్కసారి అడగ్గానే మమ్మల్ని ఊరికే ఇచ్చేశాడన్నమాట."

కూతురు నా వైపు చూడలేదు. నేను ఏదో మందుల చీటీ నెపం పెట్టి గది దాటాను.

ఆ రోజంతా ఏ పనిలోనూ మనసు నిలవలేదు. ఒక రోగి చెప్పిన నొప్పి ఎడమ కాలిదో కుడి కాలిదో రెండుసార్లు అడిగాను. బస్సులో సీటు దొరికినా కూర్చోలేక, తిరుమంగళానికి ముందు స్టాపులోనే దిగి నడిచాను. ఇంకా వెలుతురు ఉంది. ఇంటి ముందు ఏదో సర్వేకు వచ్చిన అమ్మాయి చేతిలో ఫోను పట్టుకుని నిలబడి, మా అమ్మను ప్రశ్నలు అడుగుతోంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని తమిళంలో అడిగింది. అమ్మ ఒక్క క్షణం కూడా తడబడకుండా "తమిళ్" అంది. ఆ అమ్మాయి ఫోనులో అదే నొక్కి వెళ్లిపోయింది.

"ఏంమా, అట్ల చెప్తివి?" అన్నాను.

"అప్పురం ఎట్ల చెప్పేది? తెలుగంటే ఏ ఊరు, ఎప్పుడొస్తిరి, ఏం జాతి అని నాలుగు కేళ్వి అడుగును. ఆ బిడ్డ ఎండలో నిలుచుకోనుండాది పాపం. తమిళ్ అంటే ఒకే మాట, అయిపోయె."

"అది అబద్ధం కదమ్మా."

"నేనేడ అబద్ధం చెప్తిని? దానికి కావాల్సింది ఒక మాట, ఇస్తిని. ఇంట్లో మనం మాట్లాడేది నేను విడిస్తినా?" చేట ఎత్తుకుని లోపలికి పోతూ మళ్లీ తిరిగి చూసింది. "నీకేమాయె? మొగం ఏల అట్లుండాది? వేలైలో, ఆసుపత్రిలో ఏమైనా తప్పు చేస్తివా?"

చేశానని చెప్పాను. మొత్తం చెప్పాను. అమ్మకు ఆ షేకులూ గీతలూ ఎంత అర్థమయ్యాయో తెలియదు. బియ్యం చెరుగుతూ విని, ఒకటే అంది: "ఆ తాతను కన్న అప్పన్ గురించి ఆ తాతకు తెలియకూడదని చెప్పేదానికి నువ్వెవరే?"

మర్నాడు గంట ముందే ఆసుపత్రికి చేరాను. కూతురు ఇంకా బస చేసిన లాడ్జి నుంచి రాలేదు. పెద్దాయన అప్పటికే వరండాలో నడుస్తున్నారు. ఆయన పక్కన నడుస్తూ, "నిన్న నేను ఒక పేజీ దాచాను," అన్నాను. ఆయన ఆగారు. కోపం చేసుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి, స్టాండు మీద రెండు చేతులూ ఆనించి, "చదువు," అన్నారు.

అధికారి మొదటిసారి అడిగినప్పుడు ఆయన తండ్రి చెప్పిన మాట వేరు. మేము ఎవరి మనుషులమూ కాము, వాన కురిసిన ఏడు మాకు మేమే, కురవని ఏడు దేవుడి మనుషులం అన్నాడు. ఈ జవాబు తన పట్టికలో ఎక్కించడానికి వీలుకాదని అధికారి రాసుకున్నాడు. దుబాసీ చేత మళ్లీ అడిగించాడు. మళ్లీ అదే జవాబు. అప్పుడు వెంట వచ్చిన రేవు షేకు మనిషి ఆయనను పక్కకు తీసుకెళ్లాడు. ఒక తుపాకి, మూడు ఒంటెల మీద బియ్యం ఇచ్చారు. మర్నాడు మూడోసారి అడిగితే రేవు షేకు పేరు చెప్పాడు.

నేను ఆగాను. ఆయన కిటికీ లోంచే చూస్తున్నారు.

"బియ్యం," అన్నారు. "నాకు గుర్తుంది. రెండేళ్లుగా వాన లేదు. మేకలతో దిగి వచ్చేసరికి మా ఇంట్లో అన్నం వాసన. మా అమ్మ ఏడుస్తూ వడ్డించింది. పండగేమో అనుకున్నాను. అన్నదమ్ములం అందరం తిన్నాం, బాబాయి పిల్లలూ తిన్నారు. నా బాబాయి కొడుకు నాకంటే ఎక్కువ తిన్నాడు." నా చేతిలోని కాగితం వైపు తిరిగారు. "ఇంకా ఉందా?"

చివరి నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఆ రోజు తెల్లవారుతుండగా అన్నదమ్ములిద్దరే బావి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం అధికారి తన గుడారం నుంచి చూశాడట. తమ్ముడి జవాబు కూడా అక్కడే ఖాయమై ఉంటుందని అతని అనుమానం. ఏ షేకు గెలిచినా తెగలో సగం మందికి నీడ ఉంటుందని అలా పంచుకున్నారేమో అని రాశాడు. అయినా గీత గీయడానికి ఇది చాలు, మిగతాది తన పని కాదన్నాడు.

ఆ నాలుగు వాక్యాలు నా చేత మూడుసార్లు చదివించారు. మూడోసారి ఆయన పెదవులు నాతో పాటే కదిలాయి.

"ఇద్దరూ కలిసి," అన్నారు. "ఇద్దరూ కలిసే చేశారు. పిల్లలకు చెప్పకుండా పోయారు."

అక్కడే నిలబడి ఫోను తీసి, బాబాయి కొడుకు నంబరు కలపమన్నారు. ఆ నంబరు ఆయన దగ్గర ఇన్నేళ్లూ ఉంది. అటువైపు గొంతు వినగానే ఆయన పలకరింపులేవీ లేకుండా బావి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. మొత్తం విన్నాక అటువైపు నుంచి వచ్చిన మాట నాకు కూడా వినిపించింది:

"ఇంగ్లీషువాడి కాగితం తెచ్చి మా నాన్న గురించి నాకు చెబుతావా?"

ఫోను కట్ అయింది. పెద్దాయన స్టాండును నేలకేసి కొట్టారు. సరిగ్గా అప్పుడే కూతురు వచ్చింది. నా చేతిలో మూడో పేజీ చూసింది.

"నాకు మాటిచ్చారు," అంది. అంతకంటే ఏమీ అనలేదు. కానీ మా సూపర్‌వైజరుకు ఫిర్యాదు వెళ్లింది. నేను రోగి కుటుంబం మాట వినలేదని ఆ ఫిర్యాదు; నా తప్పు అది కాదు, మొదటి రోజు ఒక పేజీ దాచి చదవడమని నేనే ఒప్పుకున్నాను. రెండు వారాలు నన్ను వార్డులకు పంపకుండా ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. తండ్రీ కూతుళ్లు వెళ్లిపోయిన రోజు నేను వాళ్లను చూడలేదు.

ఆయనా బాబాయి కొడుకూ మాట్లాడుకోలేదనీ, ఆయన పాత పుండును నేను రేపి వదిలేశాననీ అనుకుంటూ నెలలు గడిపాను. ఏ రోగి దగ్గర నిలబడినా, చెప్పిన మాట చెప్పినట్టు అందించానా అని గదిలోంచి వచ్చాక మళ్లీ తడుముకునేదాన్ని. ఒకటి రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పి వచ్చాను కూడా.

మొన్న మధ్యాహ్నం మదురై బస్టాండులో ఉండగా కూతురి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. చెవికి ఆనించుకుని విన్నాను. ఆయన కర్ర పట్టుకుని, చెప్పకుండా, సరిహద్దు దాటి బాబాయి కొడుకు ఇంటికి వెళ్లారట. ఆ మనిషి తలుపు తీశాడు గానీ కాగితాన్ని ముట్టుకోలేదు. కాఫీ పోశాడు. పోస్తూ, "ఏ బావి?" అని అడిగాడట. ఆ కొండ కింద రెండు బావులు ఉండేవి. పై బావి అని ఈయన, కింది బావి అని ఆయన. అప్పటి నుంచి ఇద్దరికీ అదే గొడవ. రోజూ ఫోనులో అరుచుకుంటున్నారు. ఈయన ఇంట్లో నిలవడం లేదు, వారానికి రెండుసార్లు అక్కడికి వెళతానని పట్టు పడుతున్నారు, మోకాలు మళ్లీ వాచింది.

చివర్లో ఆమె గొంతు తగ్గించి అంది: "మీ మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. వాపుకు ఏం చెయ్యాలో డాక్టరుని అడిగి చెప్పండి."

వెనక్కి తిరిగి ఆసుపత్రి బస్సు ఎక్కాను. డాక్టరు చెప్పింది ఒక్క మాట కూడా వదలకుండా, నడక తగ్గించాలన్న మాటతో సహా, ఆమెకు పంపాను. ఆయన తగ్గించరని మా ఇద్దరికీ తెలుసు.