అందరికీ ఆల్‌రైట్ చెప్పే నూకరాజు

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ కుర్రకారు ఇన్‌స్టాలో ఫొటో పెట్టడమే ఆలస్యం, దాని కింద రిటైర్డ్ రైలు గార్డు నూకరాజు 'ఆల్‌రైట్' అని రాసేస్తాడు. ఎదురొచ్చే ప్రతి బండికీ పచ్చజెండా ఊపి ఆల్‌రైట్ చెప్పడం ఆయన నౌకరీ. నౌకరీ అయిపోయింది గానీ చెయ్యి ఊరుకోదు.

రాజ్ కిరణ్ కాలికి సిమెంటు కట్టు వేయించుకుని ఫొటో పెడితే, ఆల్‌రైట్. జెఫ్రీ ఎవరో అమ్మాయి చెయ్యి పట్టుకుని, మొహాలు కనపడకుండా ఫొటో పెడితే, 'సూసన్నా, ఆల్‌రైట్'. ఆ రాత్రి సూసన్న ఇంట్లో జరిగిన గొడవ కాలనీ అవతల పూరీ గేట్ దాకా వినిపించిందట.

కాలేజీలో చదివే ఇందు అనే పిల్లకైతే ఆయనంటే తలనొప్పి. ఎంత సోకు చేసుకుని ఫొటో పెట్టినా కింద రైలు వాసనే. మానేయమని బతిమాలితే, బండి పోతంటే గార్డు కళ్ళు మూసుకుంటాడేటి అని ఆయన ఎదురడిగాడు.

ఓ ఆదివారం స్నేహితురాళ్ళంతా ఇందుతో మాటమాత్రం చెప్పకుండా దీఘా బీచికి వెళ్ళారు. వాళ్ళ ఫొటోలు చూసి పిల్ల దుప్పట్లో దూరి ఏడ్చింది. తర్వాత రోషం వచ్చి, తను కూడా ఎవరితోనో షికారెళ్ళినట్టు, నిరుటి దీఘా ఫొటో పెట్టింది. లైకులు కురిశాయి. ఆల్‌రైట్ మాత్రం రాలేదు. నూకరాజే వచ్చి తలుపు తట్టాడు.

"ఆల్‌రైట్ రాయలేదేటి తాతా?"

"నిన్న కొళాయికాడ సూసినాను, జుత్తు మెడదాకా కత్తిరించినావు. ఫొటోలో నడుందాకా ఉంది. బండిలో తేడా కనిపిస్తే ఎర్రజెండాయే తల్లీ."

ఇందు నవ్వబోయి ఏడ్చేసింది. జరిగిందంతా చెప్పింది. ఎందుకు పిలవలేదో వాళ్ళనే అడగమని నూకరాజు కుర్చీలో బైఠాయించాడు.

చేసేది లేక, దీఘా వెళ్ళినవాళ్ళలో ఉన్న రాధారాణికి ఇందు ఫోన్ చేసింది. ఆ పిల్ల తెల్లబోయింది. రోజుకో చోట తిరుగుతున్నట్టు ఫొటోలు పెట్టేదానివి, మాతో ఏం వస్తావులే అనుకున్నామంది. అవన్నీ పాతవేనని ఇందు ఒప్పుకుంది. ఇక్కడ పొద్దున్నుంచీ వాన, ఎండ కాసిన కాసేపట్లోనే ఫొటోలన్నీ తీశామని రాధారాణి కూడా ఒప్పుకుంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. తిరిగి రాగానే నేరుగా మీ ఇంటికే వస్తామంది.

ఇందు ఉండమన్నా నూకరాజు లేచాడు. ముసలోడుంటే మీరు మాటాడుకోరన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మొహం కడుక్కోకు. ఏడిసినావని ఆళ్ళనీ సూడనీ," అన్నాడు.

ఇందు కడుక్కోలేదు. కాటుక మాత్రం కాస్త దిద్దుకుంది.