రాణిగారి ఎడమ భుజం

మా అమ్మమ్మ ఒకప్పుడు పదకొండు నెలలపాటు రాణి. ఈ మాట ఆవిడ ముందంటే నా చెవి మెలిపెడుతుంది గానీ, ఇందులో అబద్ధమేమీ లేదు. పట్టాభిషేకం గౌను కుడుతున్న రోజుల్లో అసలు రాణిగారికి మాటిమాటికీ వచ్చి నిలబడే తీరిక లేకపోయింది. ఆవిడ కొలతలకు సరిపోయే ఒళ్లు కోసం కుట్టుగదిలోని ఇరవైమందికీ టేపు చుట్టి చూస్తే, కాజాలు కుట్టే మా అమ్మమ్మ దొరికింది. ఆ రోజు నుంచి సూది పక్కన పెట్టి, గౌను తొడుక్కుని పీట మీద నిలబడటమే ఉద్యోగం. కూర్చోకూడదు, దురద పెట్టినా గోక్కోకూడదు. చుట్టూ అందరూ కబుర్లాడుకునేవారు. ఈవిడతో మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు. కొలత బొమ్మతో ఎవరు మాట్లాడతారు?

మా చెల్లి చూసే కార్టూన్ కథల్లో రాకుమారి గిర్రున ఒక్క చుట్టు తిరిగితే చాలు, తళుకుల గౌను దానంతటదే ఒంటి మీదికి వచ్చేస్తుంది. పైగా పాడుకుంటూ పరుగున మెట్లెక్కేస్తుంది.

"ఆ గౌనేసుకుని పరుగే?" అంటుంది అమ్మమ్మ. "నాది పదహారు కిలోలు. రెండడుగులేస్తే ప్రాణం మీదికొచ్చేది."

"నీకు పాట రాదు కదా, అందుకే బరువు."

"నోర్ముయ్యవే కోతీ!"

ఈ పోట్లాటలన్నీ ఆదివారాలు నేను వెళ్తేనే. మిగతా ఆరు రోజులూ ఆ ఒంటిగదిలో ఆవిడా, కుట్టు మిషనూ.

ఆమధ్య పేపర్లో ఒక వార్త పడింది. చదువులో నేను మొద్దునే అయినా పెద్దక్షరాలు కూడబలుక్కోగలను. ఆ గౌనును ప్రదర్శనకు పెడుతున్నారట. ఏళ్లు గడిచి ఎడమ భుజం జారిందనీ, కుట్లు విప్పి సరిచేస్తారనీ రాశారు.

"జారలేదే," అంది అమ్మమ్మ. "అది నా భుజం."

అప్పుడు చెప్పింది, ఎవరికీ చెప్పని సంగతి. పుట్టుకతోనే ఆవిడ ఎడమ భుజం కాస్త కిందికి. తెలిస్తే పీట మీంచి దింపేస్తారని పదకొండు నెలలూ ఊపిరి బిగబట్టి ఎత్తిపెట్టుకుంది. చివరి రోజు భుజం కుట్టేవేళ ఓపిక అయిపోయి వదిలేసింది. ఎవరూ గమనించలేదు. పట్టాభిషేకంనాడు రాణిగారు ఎడమ భుజం కొద్దిగా వంచుకునే నడిచారు. జనం అదొక హుందా అనుకున్నారు.

"విప్పనీ అమ్మమ్మా! నీ తప్పు మాసిపోతుందిగా?"

"తప్పేననుకో. కానీ అంత గౌనులో నాదని ఉన్నది అదొక్కటే."

మర్నాడే బయల్దేరదీసింది. ప్రదర్శనశాల వెనక గదిలో తెల్ల చేతితొడుగులావిడ చిన్న కత్తెర పట్టుకుని గౌను ముందు కూర్చుని ఉంది. అమ్మమ్మ గుమ్మంలో నిలబడే అంతా చెప్పేసింది.

"రుజువేమైనా ఉందా అమ్మా? ఫొటో గానీ, కాగితం గానీ?"

"నాకు ఫొటో ఎవరు తీస్తారు తల్లీ?"

నేను ఉండబట్టలేక, "భుజం వెంట తెచ్చుకుందండీ, చాలదా?" అన్నాను. అమ్మమ్మ నా చెయ్యి గిల్లింది.

చేతితొడుగులావిడ నవ్వి టేపు తీసింది. మెడ దగ్గర్నుంచి భుజం ఎంత దిగిందో ముందు అమ్మమ్మకు, తర్వాత గౌనుకు కొలిచింది. నడుము కొలతలో ఇద్దరూ ఎప్పుడో విడిపోయారు గానీ, భుజం వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిడ టేపు చుట్టేసి, కత్తెర డబ్బాలో పెట్టేసింది.

"విప్పంలెండి," అంది.

ప్రదర్శన మొదలైన రోజు వెళ్లాం. గౌను ముందున్న అద్దం పక్కన అట్ట మీద రాశారు: రాణిగారి ఎడమ భుజం కొంచెం కిందికి ఉండేదట, గౌను అందుకు తగ్గట్టే కుట్టారట. నా ఒళ్లు మండిపోయింది.

"ఉండు, లోపలికెళ్లి అడిగేస్తా!"

"ఊరుకోవే. విప్పలేదుగా."

ఆ నెలంతా అమ్మమ్మ రోజూ వెళ్లింది. నన్ను రావద్దంది. ఒకనాడు దొంగచాటుగా వెనకాలే వెళ్లాను. జనం వస్తున్నారు, పోతున్నారు. ఆవిడ అద్దం ముందే ఉంది. కాపలాదారు నన్ను పిలిచి, "ఆ పెద్దావిడ ఎవరికోసం ఎదురుచూస్తోందమ్మా రోజూ?" అని అడిగాడు.

నా నోట్లో ఎప్పుడూ పది అబద్ధాలు సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు మాత్రం నిజమే చెప్పాను: "ఎవరికోసమూ కాదండీ, తన భుజం చూసుకుంటోంది."