మా ఆయన బుగ్గలు

మా ఆయన ద్వారకానాథ్‌కి కాలు ఒకచోట నిలవదు. ఈ పరాయి దేశంలో, కానింగ్ వేల్ అనే పేటలోని గోడౌన్‌లో రోజంతా ఫోర్క్‌లిఫ్ట్ నడిపి వచ్చినా కూర్చోరు. అమ్మాయి పెళ్లి పది రోజులుందనగా అది మరీ ముదిరింది. కోసిన గడ్డే మళ్లీ కోశారు. టీ ఇస్తే చల్లారబెట్టి గ్యారేజీలోకి పోయారు. అక్కడినుంచి చప్పుడు మాత్రం లేదు.

కారణం నాకు తెలుసు. మా హరిప్రియ అడిగింది: "నాన్నా, తాళి కట్టేప్పుడు స్పీకర్ వద్దు. నువ్వే సన్నాయి వాయించు. ఇట్స్ మై వెడ్డింగ్."

మా అత్తారింట్లో మూడు తరాలుగా సన్నాయి ఉంది. పెళ్లయిన కొత్తలో ఈయన నా ముందు వాయిస్తే, ఉబ్బిన ఆ బుగ్గలు చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. నా నోరు పడిపోను. ఆ రోజు పెట్టెలో పెట్టిన సన్నాయిని ముప్పై ఏళ్లుగా నా ఎదుట తీయలేదు.

"వాయించండి, ఏమవుతుంది?" అన్నాను.

"అమ్మాయి ఫ్రెండ్సంతా వస్తారు. నవ్వుతారు, సత్యా," అని మళ్లీ గ్యారేజీకి నడిచారు. నాకూ స్థిమితం లేకుండా పోయింది.

పక్కింటి రోసాతో నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ ఇటలీ మనిషి.

"మా భాషలో నవ్వు పుట్టించేవాణ్ణి బుఫ్ఫో అంటాం," అంది. ఊదడం అనే మాట నుంచి వచ్చిందట. పాతకాలపు హాస్యగాళ్లు బుగ్గలు పూరించి, టప్పున గాలి వదిలి నవ్వించేవారట. గాలి విసురునీ అదే మాటతో పిలుస్తారట. "పాటల నాటకంలో ఆ వేషం మా అన్న వేసేవాడు. గొంతూ ఊపిరీ రెండూ ఉండాలి. జనం నవ్వకపోతే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు."

గబగబా ఇంటికొచ్చి ఇదంతా మా ఆయనకు అప్పజెప్పాను.

"వాళ్లు నవ్వించాలనే ఊదారు. నేను అందుకు ఊదలేదుగా," అన్నారు.

అదీ నిజమే. నా తప్పుని ఇటలీ మాటతో కడిగేద్దామనుకున్నాను. "ఆ రోజు నవ్వడం నా తప్పేనండీ," అని ఇన్నేళ్లకి అన్నాను. ఆయన గ్యారేజీకి వెళ్లి, సన్నాయి పెట్టె తెచ్చి పెళ్లి సామాన్ల పక్కన పెట్టారు.

పెళ్లిలో కన్యాదానం కాగానే ఆయన పక్కకు వెళ్లి సన్నాయి తీశారు. పంతులుగారు గట్టిమేళం అన్నారు. బుగ్గలు ఉబ్బాయి. ముందు వరసలో ఇద్దరమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఆయన చూపు వాళ్లని దాటి నా మీదికే వచ్చింది.

పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురి తల్లిని. అంతమంది ఎదుట నా బుగ్గలు రెండూ పూరించి, ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. మూడు ముళ్లూ పడేదాకా ఆయన ఆపలేదు, నేనూ గాలి వదల్లేదు.