గొంతులో సముద్రపు నాచు

సికింద్రాబాద్‌లో గుప్పెడు ఎర్ర నాచు మింగి బతికొచ్చినవాణ్ణి నేను. దగ్గు తగ్గక మా ఆవిడతో కలిసి కార్ఖానా ఏరియాలో మూలికల దుకాణానికెళ్తే, కాల్‌సెంటర్ పిల్లలు గొంతుకు వాడే మందని దుకాణం ఆవిడ ఎండిన సముద్రపు నాచు ఇచ్చింది. "భీమిలివాడికి సముద్రం సంగతి చెబుతావా?" అని అక్కడే నోట్లో వేసుకుని నీళ్లు తాగాను. అది గొంతులో ఉబ్బింది. ఊపిరందలేదు. పరాయి ఊళ్లో పోతున్నాననుకున్నాను.

దుకాణం ఆవిడ నా వీపు మీద ఒక్కటిచ్చి కక్కించింది. "ఏందీ తాతా! ఉడకబెట్టి, వడగట్టి తాగాలె. సముద్రం సుత చూడనిదాన్ని, నాకెరుక."

సరే, గుప్పెడు కాదు, చిటికెడు.

ఇది చదివి మా ఆవిడ అంది: "చిటికెడా? ఒక్క పోచ! నా చెయ్యి పట్టుకుని, భీమిలి తీసుకుపొమ్మని ఏడ్చారు. అది రాయరేం?"