తెల్లచీర మీద ఎర్ర కొలత

ఇంట్లో కూర్చుని ఫోనులో వస్తువులు కొనడం మా బేతంచెర్లకు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆ అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య ఏ చట్టం నడుస్తుందో మాలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసనుకునేవాణ్ణి, చిక్కంతా అక్కడే వచ్చింది. నేను పదో తరగతితో చదువు ఆపి, బండల పాలిష్ ఫ్యాక్టరీలో కొలతల పనికి చేరినవాణ్ణి. చదరపు అడుగుల లెక్క పాత పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నాను. మా పనిలో పద్ధతి ఒక్కటే. బండను టేపుతో కొలవాలి, కొలతను ఎర్ర మార్కరుతో మూల మీద రాయాలి, కింద పొడి సంతకం పెట్టాలి. 'తక్కువ' అని రాసి సంతకం పెట్టిన బండను క్వారీవాళ్లు మారుమాట లేకుండా వెనక్కి తీసుకునేవారు. (అందుకే అందరూ నన్ను టేపు అని పిలిచేవారు. నేను దాన్ని గౌరవమనుకున్నాను.)

నాకు వేంపల్లె సంబంధం కుదిరింది. మా చర్చి పెళ్లిళ్లలో పెళ్లికూతురి తెల్లచీర పెళ్లికొడుకువాళ్లే తేవాలి. నిశ్చితార్థం రోజున అమ్మాయి చర్చి తలుపు పక్కన నిలబడితే మిగతావాళ్లు ముఖం చూశారు, నేను తలుపు ఎత్తుతో పోల్చి ఐదడుగుల ఏడంగుళాలని తేల్చాను. కర్నూలు అంగళ్లలో చీర పొడవు అడిగితే ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. ఫోనులో మాత్రం రవిక ముక్కతో కలిపి ఆరు మీటర్ల ముప్పై సెంటీమీటర్లని రాసి ఉంది. దాన్నే తెప్పించాను. "చేత్తో ముట్టకుండా పెండ్లిచీర కొంటారా నాయనా" అంది అమ్మ. నేను ఆ అంకె చూపించాను.

పెళ్లి ఎనిమిది రోజులుందనగా పార్సిలు ఫ్యాక్టరీకి వచ్చింది. చేతులు కడుక్కుని, బల్ల మీద పాత పేపర్లు పరిచి, చీర విప్పి కొలిచాను. ఐదు మీటర్ల డెబ్బై. మళ్లీ కొలిచాను. డెబ్బయ్యే. తప్పు చేతికి చిక్కిందన్న సంతోషంలో, పన్నెండేళ్ల అలవాటు చొప్పున జేబులోని ఎర్ర మార్కరు తీసి, చీర కొసన '5.70 తక్కువ' అని రాసి సంతకం పెట్టాను. చివరి గీత గీస్తుండగా ఫ్యాక్టరీ యజమాని, మా షావుకారు, లోపలికి వచ్చి చూశాడు.

"ఏమప్పా టేపూ, చీర మీద గూడా సంతకం పెడ్తాండావే. రేపు పెండ్లికూతుర్ని గూడా కొల్సి పెడ్తావా?"

మూడో రోజు, చీర వాపసు తీసుకుపోవడానికి డోన్ నుంచి మోటారు సైకిల్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. కొస చూసి తల అడ్డంగా ఊపాడు. "మరకలుంటే తీసుకునేకి లేదప్పా." అది మరక కాదు, కొలత అన్నాను. "నాకు తెలుస్తాంది. ఆడ కూర్చున్నోళ్లకు తెల్దు" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, రాయకుండా ఉండుంటే తీసుకునేవాళ్లమని ఒక అమ్మాయి మర్యాదగా చెప్పింది. రాయకపోతే తక్కువని ఎలా తెలుస్తుందని నేను అంతే మర్యాదగా అడిగాను. చివరికి కర్నూలులో వకీలు దగ్గరికి వెళ్లాను.

"కేసు వేయొచ్చు. కానీ బెంగళూరు కోర్టులోనే తేల్చుకోవాలని వాళ్ల షరతుల్లో రాసుండాది. ఒప్పుకునే ముందు సదవలేదా?"

"కొలతలు మాత్రం సదివినా సార్."

"పెండ్లి ఎప్పుడు?"

"ఐదు రోజులకు."

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇంకో చీర కొనడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఇక దాచి లాభం లేదని, మొదటిసారిగా నేనే వేంపల్లెకు ఫోన్ చేసి, పెళ్లికూతురికే అంతా చెప్పాను. ఇలాంటి మనిషితో బతకడం ఎలాగని అడుగుతుందనుకున్నాను.

"బండ మీద రాసినట్ల రాసినారా?"

"ఊ."

"సంతకం గూడానా?"

"ఊ."

"రవిక ముక్క కొయ్యాకండి. మొత్తం చీరే కట్టుకుంటా. రవికకు వేరే గుడ్డ తీసుకుంటాలే. మీరు రాసిన కొస నడుం కాడ దోపుకుంటే ఎవురికీ కనపడదు."

రవిక ముక్క లేకుండా మామూలు చీర ఐదున్నర మీటర్లు. అంటే ఇరవై సెంటీమీటర్లు ఎక్కువే. పన్నెండేళ్లు కొలతల్లో బతికిన నాకు ఈ లెక్క తట్టలేదు. (పెళ్లయ్యాక పాస్టరు రిజిస్టరులో సంతకం పెట్టమన్నప్పుడు, ముందు వరసలో కూర్చున్న షావుకారు గట్టిగా దగ్గాడు.)

ఇప్పుడు నిబంధనలు వచ్చాయి. చెప్పిన లక్షణాలు లేని వస్తువును అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోబోమంటే కుదరదు. ఫిర్యాదు అందిందని నలభై ఎనిమిది గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి; కేసు మన జిల్లాలోనే వేసుకోవచ్చు. వీధిలోవాళ్లు ఫోన్లు పట్టుకొస్తే ఇవన్నీ చెప్పి, టేపు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి, వస్తువు మీద ఏమీ రాయొద్దండి అంటాను. "ఆయప్ప అనుభవం మీద చెప్తాండాడు, ఇనుకోండి" అంటుంది లోపలినుంచి మా ఆవిడ.

ఆ నిబంధనలు అప్పుడే ఉండి, నేనూ కాస్త చేతులు కట్టుకుని ఉంటే, ఆ చీర పద్ధతిగా వెనక్కి వెళ్లిపోయేది. వేంపల్లెకు ఫోన్ చేయాల్సిన అవసరమూ ఉండేది కాదు. మొన్న పెట్టె సర్దుతుంటే చీర బయటపడింది. ఎరుపు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. సంతకం మాత్రం చదవడానికి వస్తోంది. మా ఆవిడ వంటింట్లో ఉంది కదా అని టేపు తీసి మళ్లీ కొలిచాను. ఐదు మీటర్ల అరవై ఏడు. ఈసారి ఎక్కడా రాయలేదు.