ఎవరిదీ కాని నల్లా

ఇవాళ పొద్దున్నే బ్లీచింగ్ పౌడర్ వాసన వంటింటి దాకా వచ్చింది. బోనాలు దగ్గర పడ్డాయంటే మా మారేడ్‌పల్లి గల్లీకి మున్సిపాలిటీ వాళ్ళు చేసే మర్యాద అదొక్కటే, రోడ్డుకి రెండు పక్కలా ఆ తెల్లపొడి చల్లిపోవడం. చాయ్ గ్లాసు పట్టుకుని బయటికొచ్చి చూద్దును కదా, పొడితో పాటు ఇంకో పని కూడా చేసిపోయారు. గల్లీ మొదట్లో, ఆపిన కార్ల మధ్య, సిమెంటు రోడ్డులోంచి మోకాలెత్తున పొడుచుకొచ్చిన తుప్పు పైపుకి ఎర్రరంగు పూశారు. కార్లకు గీసుకుపోతోందని ఎవరో ఫిర్యాదు చేశారట, మధ్యాహ్నం వచ్చి కోసేస్తారట. చాయ్ నా చేతిలోనే చల్లారిపోయింది.

ఆ పైపు ఒకప్పుడు మా గల్లీ సర్కారు నల్లా. నా చిన్నప్పటికే ఇళ్ళన్నిటికీ సొంత నల్లాలు వచ్చేశాయి గానీ, ఎండాకాలం ఇళ్ళలో ధార సన్నబడగానే అందరం దాని దగ్గరికే పరిగెత్తేవాళ్ళం. పల్లంలో ఉండేది కాబట్టి అక్కడ నీళ్ళు లావుగా పడేవి. నీళ్ళు వచ్చే ముందు అది గొంతు సవరించుకున్నట్టు గరగరమనేది, ఆ చప్పుడుకి ఇళ్ళలోంచి బిందెలు, బకెట్లు, డాల్డా డబ్బాలు బయటికొచ్చేవి, ఎవరి చింతపండు ఎక్కడ ఎండుతోందో, ఎవరింట్లో మామిడికాయ ముక్కలు కొట్టారో ఆ వరసలోనే తెలిసిపోయేది, మా నానమ్మ మాత్రం తన ఇత్తడి బిందెను బూడిదతో తళతళా తోమి, అందరూ చూసేలా మెల్లగా నింపుకునేది.

నిజంగా ఆ నల్లా మీద బతికింది ఒక్కరే, చాంద్‌బీ. నల్లా పక్కన రేకుల గది ఆమెది. దానికి ఇంటి నంబరు లేదు, నంబరు లేని గదికి సొంత నల్లా ఇవ్వరు. భర్త పోయాక దుపట్టాలకు, చీరలకు రంగులద్ది, గంజి పెట్టి బతికేది. మేము చాంద్‌బీ అత్త అనేవాళ్ళం, మా నానమ్మను ఆమె పెద్దమ్మా అనేది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో రంగు మరిగించి, బట్ట ముంచి తీసి, నల్లా కింద బండమీద పెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడిస్తూనే ఉండేది. ఆ రంగంతా మోరీలోకి దిగి గల్లీ పొడుగునా పారేది. ఎక్కడేం జరుగుతోందో మాకు మోరీ చెప్పేది: పసుపునీళ్ళు పారితే ఎవరింట్లోనో పెళ్ళి, ఆకుపచ్చ పారితే రంజాన్ దగ్గర్లో ఉందని, గులాబీ పారితే బేగంపేట వైపు పెద్దింటివాళ్ళ దుపట్టాలు వచ్చాయని. మేము ఆ రంగునీళ్ళలో కాగితప్పడవలు వదిలి, ఎవరి పడవ ఎక్కడ తట్టుకుంటుందోనని మోరీ వెంట కేకలు పెడుతూ పరిగెత్తేవాళ్ళం. అంతకన్నా పెద్ద ఆట, తడి దుపట్టా ఆరబెట్టడం. చెరో కొస పట్టుకుని ఇద్దరిద్దరం గల్లీ ఈ చివర నుంచి ఆ చివరికి ఉరికితే, మధ్యలో బట్ట గాలికి ఉబ్బేది, గంజి వాసన, రంగు వాసన కలిసి ముక్కుకి తగిలేవి. ఎన్ని సెంట్లు కొన్నా ఆ వాసన మళ్ళీ దొరకలేదు, దొరకదు.

ఇక మా గల్లీ గొప్ప అలవాటు ఒకటి చెప్పాలి. మున్సిపాలిటీ మనిషి ఎవరొచ్చి ఏం అడిగినా మావాళ్ళ జవాబు ఒకటే, "మాది కాదు." ఈ బర్రె ఎవరిది? మాది కాదు. మోరీ మీద ఈ బండలు ఎవరు పరిచారు? మాకు తెల్వదు సారూ. మల్లెపందిరి గుంజలు రోడ్డుమీదికి వచ్చినయి, ఎవరివి? మావి గావు. ఆ పందిరి కిందే కూర్చుని, ఆ పూలే జడలో పెట్టుకుని చెప్పేవాళ్ళు! వచ్చినవాడు తలపట్టుకుని వెళ్ళిపోయాక గల్లీ అంతా ఒకటే నవ్వు. మేము కూడా నేర్చేసుకున్నాం. మా ఆటల్లో ఒకడు మున్సిపాలిటోడు, మిగిలిన వాళ్ళందరం మాది కాదు అనేవాళ్ళం, నవ్వినవాడు ఔట్.

ఒక ఎండాకాలం నల్లా మెడ దగ్గర చిల్లుపడి నీళ్ళు మడుగు కట్టాయి. వార్డు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. పాపం మర్యాదగల మనిషే, చెప్పులు బురదైనా విసుక్కోకుండా ఇంటింటికీ తిరిగి అడిగాడు. ఆ పూట చాంద్‌బీ లేదు, దుపట్టాలు ఇచ్చి రావడానికి బేగంపేట వెళ్ళింది. నేను నానమ్మ పక్కనే గడపలో కూర్చుని ఉన్నాను.

"అమ్మా, ఈ నల్లా మీరు వాడుతున్నరా?"

"మాది గాదు బిడ్డ. మాకు ఇంట్లనే వస్తయి నీళ్ళు."

అన్ని గడపల్లోనూ అదే మాట. చిల్లు ఎవరు పెట్టారో తేల్చడానికి వచ్చాడనుకున్నారు మావాళ్ళు. ఆయన వచ్చింది ఎవరికీ అక్కర్లేని నల్లాలేవో చూసిపోవడానికి. వారం తిరక్కుండా ఇద్దరు మనుషులొచ్చి నల్లా తల విప్పి, పైపుకి మూత బిగించి వెళ్ళిపోయారు. చాంద్‌బీ గిన్నెలో అప్పటికే పసుపు దుపట్టా నానుతోంది.

"పెద్దమ్మా, గిట్ల జేసిన్రేంది? నేనిప్పుడు యాడికి పోవాలె?" అంటూ పసుపు చేతులతోనే వచ్చి మా గడప ముందు నిలబడింది. నానమ్మ ముఖం చూడలేకపోయాను.

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని నానమ్మ వార్డు ఆఫీసుకి పోయింది. అక్కడ సమోసాల వాసన, పైన కిర్రుమనే పంకా, బెంచీ మీద మాలాంటి వాళ్ళే ఓ గుంపు. చివరికి మా గల్లీకి వచ్చినాయనే పిలిచాడు.

"మీరే గదమ్మా కాదన్నది? ఇప్పుడు మాదంటరా?"

"అప్పుడు బుద్ధి గడ్డి తిన్నది బిడ్డ. అది అందరిదీ. ఈ పిల్ల దాని మీదనే బతుకుతది."

"గల్లీ అంతా కాదన్నది. గల్లీ అంతా వచ్చి మాదని చెప్పాలె. నలుగుర్నన్నా తీస్కరాండ్రి, నేనే పెట్టిస్త."

నలుగురు! మా గల్లీలో నలుగురు దొరకరా అనుకున్నాం. నానమ్మ ఎండలో ఇంటింటికీ తిరిగింది. నల్లా మాదంటే రేపు మోరీ మీద బండలు కూడా మీవేనా అంటారు, ఎందుకొచ్చిన పరేషాన్ అన్నారు ఒకరు. మా ఆయన ఊళ్ళో లేడన్నారు ఇంకొకరు. చాంద్‌బీ చీరలకు గంజిపెడితే తప్ప గడప దాటని టీచరమ్మ కూడా, "నా పేరు తియ్యకుండ్రి అత్తమ్మా" అంది. ఛీ, ఏం మనుషులం! ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

అందరూ మా ఇంట్లో పట్టుకో, మా ఇంట్లో పట్టుకో అని మాత్రం తీయగా అన్నారు. కొన్నాళ్ళు పట్టనిచ్చారు కూడా. కానీ రంగు జాడించడానికి బిందె నీళ్ళు ఏ మూలకి? మా ఇంట్లోనే, నానమ్మ పైపు ఆమెకు ఇస్తే అమ్మ వంటింట్లో గిన్నెలు టపటపా పెట్టేది. చాంద్‌బీకి చెవులున్నాయి. రావడం మానేసింది. నీళ్ళు చాలక రంగు దిగిందని బేగంపేట వాళ్ళు బట్టలు వెనక్కి పంపారు. మోరీలో ఇక సబ్బునీళ్ళే పారాయి.

కార్ఖానా బస్తీలో ఎవరో దూరపు చుట్టం దగ్గరికి సామాను కట్టుకున్న రోజు, నాకో గులాబీ దుపట్టా ఇచ్చింది. "నీళ్ళు సాలలే బిడ్డ, రెండుమూడు నీళ్ళల్ల జాడించినంకనే ఏస్కో" అంది. నేను ఆగుతానా, అప్పుడే మెడలో వేసుకుని రిక్షా మలుపు తిరిగేదాకా చెయ్యూపాను. చెమటకి రంగు దిగి మెడంతా గులాబీ అయ్యింది. నానమ్మ తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఒకసారి కార్ఖానా అంతా వెతికాం, ఆ చుట్టాలు కూడా ఇల్లు మారారన్నారు.

ఆ తర్వాత నానమ్మ పద్ధతే మారిపోయింది. ఎవరొచ్చి ఏం అడిగినా "మాదే" అనేది. వీధికుక్క ఎవరిదంటే మాదే. పక్కింటి చెత్త ఎవరిదంటే మాదే. జనం పెద్దామెకు మతి పోయిందన్నారు. పోయేదాకా అలాగే అంది.

ఇవాళ మధ్యాహ్నం కటింగ్ మిషనుతో కుర్రాళ్ళు రానేవచ్చారు. నేను చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను.

"ఆగు నాయనా, అది మాది."

ఒకతను మిషను దించి చూశాడు. "మీ ఇంట్ల నీళ్ళొస్తలేవా మేడం?"

"వస్తున్నయి."

"మరి దీంతోని ఏం పని?"

ఇది కావలసిన మనిషి ఎక్కడుందో, ఉందో లేదో! అతను తలెత్తి, ఎదుటి అపార్టుమెంటు బాల్కనీలో నిలబడ్డ కొత్తాయన్ని అడిగాడు, "సార్, ఇది మీదా?" ఆయన ఫోన్లోంచి తలైనా ఎత్తకుండా, "మాది కాదు" అన్నాడు.

నిప్పురవ్వలు లేచాయి. పైపు ఒరిగింది, దాన్ని ట్రాలీలో పడేశారు. మోరీని ఎప్పుడో సిమెంటు పలకలతో కప్పేశారు, లోపల ఏ రంగు పారినా ఇప్పుడు ఎవరికీ కనపడదు. పైపు ఉన్నచోట బొందలో ఇంత సిమెంటు పోసి, తాపీతో నున్నగా చేసి, ఆ అబ్బాయి పోతూ పోతూ నాతో అన్నాడు, "మీదే అంటున్నరు గద మేడం, ఆరేదాంక ఎవరూ తొక్కకుండా జెర చూస్కోండ్రి."

సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, ఆ తడి సిమెంటుకి కాపలా కాశాను.